అహేరి బస్సు ఆగిన ఆరు నిమిషాలు

2023 చలికాలంలో ఒక సోమవారం ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు అహేరి వెళ్ళే ఎస్టీ బస్సు, అంటే మహారాష్ట్ర ప్రభుత్వ బస్సు, మా ఉపకేంద్రం ముందున్న స్టాపు నుంచి కదిలింది. తెలంగాణ సరిహద్దు మీదున్న సిరొంచలో బయలుదేరి రోజూ ఆ దారిన పోయే బస్సే. రోజూ ఏడు ఇరవైకి కదిలేది, ఆ రోజు ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. ఆ నిమిషం ఇంత కచ్చితంగా నాకెలా తెలుసో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను. వాళ్ళంతా ఇంకా అక్కడే ఉన్నారు.

నేనప్పుడు ఎల్‌హెచ్‌విని. లేడీ హెల్త్ విజిటర్ అని పూర్తి పేరు. నా కింద ఆరు ఉపకేంద్రాలు ఉండేవి. ఉపకేంద్రం అంటే రెండు మూడు గదుల చిన్న ఆరోగ్య కేంద్రం. అందులో కాన్పులు చేసి, టీకాలు వేసి, రిజిస్టర్లు రాసే నర్సు ఒకరుంటారు. ఆమెను ఏఎన్ఎం అంటారు. ఆమె రాసినవి సరిగ్గా ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టడం నా పని. జనం మాత్రం మా అందరినీ నర్సుబాయి అనే పిలుస్తారు. ముప్పై ఏళ్ళు ఆ పిలుపుకు పలికాను.

మా ఇల్లు నాగేపల్లిలో. మా ఆయన జిల్లా పరిషత్ బడిలో చరిత్ర చెప్పేవారు. ఆ చలికాలానికి ఆయన పోయి పద్నాలుగు నెలలు. సాయంత్రం నాలుగు ముప్పై ఐదుకు పోయారని ఆస్పత్రి కాగితంలో ఉంది. అదే నిమిషాన్ని పంచాయతీ వాళ్ళు, బడి వాళ్ళు, విద్యా శాఖ వాళ్ళు మళ్ళీ రాసుకున్నారు. ప్రభుత్వ ఉద్యోగి కదా, నిమిషం కావాలి. ఒక చోట నాలుగు ముప్పై అని పడితే దిద్దించుకురమ్మని నన్ను రెండుసార్లు తిప్పారు. అప్పుడు విసుగొచ్చింది. తర్వాత అదెంత గౌరవమో తెలిసింది.

ఈ కథ జరిగింది ఇటుకబట్టి వాడలో. ఊరి చివర ఒకప్పుడు ఇటుకల బట్టి ఉండేది. బట్టి మూతపడింది, పనివాళ్ళ ఇళ్ళు మిగిలాయి. అన్నీ తెలుగు కుటుంబాలు. వాళ్ళ తాతలకు గుంట భూమి లేదు. మనవల్లో ఒకరు మాస్టరు, ఒకరు పోలీసు, ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు పదో తరగతి దాటారు. ఆ వాడ మాత్రం అలాగే ఉంది. రెండు ఇళ్ళ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నడవాలి. ఆ సందులోనే మురుగు పారుతుంది. అందరికీ కలిపి ఒకే నల్లా, అదీ మధ్యాహ్నం పన్నెండుకు వస్తుంది. ఆ వాడ నుంచి జ్వరాలు, విరేచనాలు, పసిపిల్లల చావులు మిగతా ఊరికంటే ఎక్కువగా వస్తాయని నాకు తెలుసు. తెలిసిన విషయం కాబట్టి దాని గురించి ఆలోచించడం మానేశాను.

మా పనిలో మూడు ఫారాలున్నాయి. ఒకటో నంబరు పుట్టుకకు. రెండోది చావుకు. మూడోది ఉపజత మృత్యుకు. ఉపజత మృత్యు మా రికార్డుల్లో ఉండే మరాఠీ మాట. ప్రాణం లేకుండా పుట్టిన బిడ్డ అని అర్థం. బిడ్డ ఒక్కసారి ఊపిరి తీసినా, గుండె ఒక్కసారి కొట్టుకున్నా, అది బతికి పుట్టినట్టే అని నిబంధన. ఆ తర్వాత గంటకే పోయినా ఒకటో ఫారం, రెండో ఫారం రెండూ నింపాలి. నింపితే అది బాలమృత్యు అవుతుంది. బాలమృత్యు అయితే విచారణ జరుగుతుంది. పేజీల కొద్దీ ప్రశ్నలుంటాయి. బిడ్డను వెచ్చగా ఉంచారా, బండి ఎప్పుడు పిలిచారు, ఎప్పుడు వచ్చింది, పరికరాలు పనిచేశాయా. మూడో ఫారానికి అప్పట్లో మా దగ్గర ఏ ప్రశ్నా ఉండేది కాదు. ఒక్క కాగితంతో అయిపోయేది.

ఆ సోమవారం తర్వాత పదిహేడో రోజు నేను ఆ ఉపకేంద్రానికి వెళ్ళాను. టీకాల రోజు. వరండాలో తల్లులు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. గేటు దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉంది. తలకు గుడ్డ, చెవుల్లో దూది. బాలింత అని చూడగానే తెలుస్తుంది. చేతిలో పిల్ల లేదు. వరండాలోని ఆడవాళ్ళు ఆమెను చూసి ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకున్నారు. పురుడు వెళ్ళకుండా గడప దాటి వచ్చిందని వాళ్ళ బాధ.

ఆమె సుగుణ. పుట్టిల్లు అంకిస. తొలి కాన్పుకు అక్కడికి వెళ్ళాల్సింది, నెలలు నిండకముందే నొప్పులొచ్చి ఇక్కడే కన్నది. మొగుడు తాపీ పని మీద భూపాలపల్లి వైపు ఉంటాడు.

"ఇరవయ్యొకటి కాలేదు గదా బిడ్డా, బయటికెందుకు వచ్చినవ్?" అన్నాను.

"పురుడు ఎవ్వలికుంటది బాయి? పిల్ల పుట్టినోళ్ళకు గదా," అంది. "మీ కార్డుల సూడుండ్రి. నాకు పిల్లే పుట్టలేదన్నట్టు రాసిండ్రు. మరి నాకు పురుడేంది?"

కార్డు చేతికిచ్చింది. తల్లీబిడ్డల వివరాలు రాసే మా కార్డే. చివరి పేజీలో నీలం సిరాతో 'ఉపజత మృత్యు' అని ఉంది.

"నేను మరాఠీల పదో తరగతి పాసైన బాయి. గీ మాట నాకు సదువొస్తది. మా అత్తకు రాదు గనుక నడిసింది."

"పిల్ల ఏడ్చిందా?"

"ఏడ్సింది. సన్నగ, పిల్లికూన లెక్క. పాలు వట్టిన, రెండు గుక్కలు తాగింది. ఇగ శాతగాలే దానికి. మా అత్త ఎత్తుకపోయి అహేరి బస్సు ఆపింది. బస్సు ఆపుడు గూడ అబద్ధమేనా?"

ఎప్పుడు పుట్టిందని అడిగాను. ఏడుకు పది నిమిషాలు తక్కువ ఉందట, కాన్పు గదిలో గోడ గడియారం తన కళ్ళ ఎదురుగానే ఉందట. ఎప్పుడు పోయిందో తనకు సరిగ్గా తెలియదట, అప్పటికి తనకు సెలైన్ ఎక్కిస్తున్నారట, అత్తకు తెలుసట.

నేను ఏదో ఓదార్పు మాట అనబోయాను. ఆమె అననివ్వలేదు.

"నాకు ఏమొద్దు బాయి. పైసలొద్దు. ఎవ్వరినీ కొలువుల నుంచి తీసుడొద్దు. ఎన్నిటికి పుట్టింది, ఎన్నిటికి పోయింది, గంతే రాయుండ్రి. అది వచ్చిపోయిందని ఏడనన్న ఉండాలె గద."

పుట్టుకను ఇరవయ్యొక్క రోజుల్లో నమోదు చేయించాలి. దాటితే అర్జీలు, తర్వాత అఫిడవిట్లు, తాలూకా ఆఫీసు చుట్టూ తిరగడం. అది దాటాక ఈ అమ్మాయి గెలవదని నాకు తెలుసు. నాలుగు రోజులున్నాయి. సుగుణను ఇంటికి పంపి లోపలికి వెళ్ళాను.

అక్కడి ఏఎన్ఎం పేరు వైశాలి. చంద్రపూర్ వైపు మరాఠీ పిల్ల. కాంట్రాక్టు ఉద్యోగం. మూడేళ్ళలో తెలుగు నేర్చుకుంది. పని దొంగ కాదు. కార్డు ఆమె ముందు పెట్టాను.

"ఏడ్చింది మేడమ్," అంది. "కాదనను."

"మరి ఇదేంది?"

"నెల మీటింగ్‌లో సాయెబ్ ఏమన్నరో మీరూ విన్నరు గద. ఈ నెల నాకు బాలమృత్యు శూన్యం కావాలె అన్నరు."

విన్నాను. సాయెబ్ అంటే మా తాలూకా ఆరోగ్య అధికారి. ఆ మాట ఆయన చాలా నెలలుగా అంటున్నారు. పిల్లలు చావకూడదని ఆయన ఎప్పుడూ అనలేదు. బాలమృత్యు ఉండకూడదు అనేవారు. ఈ రెండింటికీ మధ్య తేడా ఆ గదిలో కూర్చున్న మా అందరికీ అర్థమైంది. అందుకే ఎవరమూ ఏమీ అడగలేదు.

వైశాలి ఆ ఉదయం సంగతి చెప్పింది. పిల్ల బరువు పదిహేడు వందల గ్రాములు. ఊపిరి ఎగదన్నుతోంది. అంబులెన్స్‌కు ఏడు అయిదుకు ఫోన్ చేసింది. ఉన్న ఒక్క బండి ఇంకో కేసు మీద దూరం వెళ్ళింది, అరగంటలో వస్తుందన్నారు. పిల్లను తల్లి గుండె మీద పెట్టింది. తల్లికి రక్తం పోవడం ఎక్కువైంది. సెలైన్ ఎక్కించాల్సి వచ్చి పిల్లను తీసి గుడ్డల్లో చుట్టి, పక్కన వేడినీళ్ళ సీసాలు పెట్టింది. ఆ హడావిడిలో అత్త పిల్లను ఎత్తుకుని రోడ్డు మీదికి పరుగెత్తింది.

"బస్సులో అహేరి మూడు గంటల మీద పడుతది. కిటికీలకు అద్దాలుండవు, ఆ చలిల పిల్ల ఆగదు అనుకున్న. అంబులెన్స్ వస్తది, దిగు అవ్వా అన్న. దిగుమన్నది నేనే మేడమ్." కార్డు నా వైపు తోసి, "బండి ఒంటిగంట దాటినంక వచ్చింది," అంది.

"వార్మర్?"

ఆమె కాన్పు గది మూల చూపించింది. వార్మర్ అంటే పసిపిల్లల కోసం పైన వేడినిచ్చే రాడ్ ఉన్న చిన్న మంచం. నెలలు నిండని బిడ్డకు అదే మొదటి మందు. దాని మీద ఎనిమిది పాత రిజిస్టర్లు, చుట్టిన పోలియో బ్యానర్లు, రెండు కేలండర్లు ఉన్నాయి. రాడ్ కాలిపోయి ఏడాది అయింది. బాగుచేయించమని వైశాలి మూడుసార్లు అర్జీ పెట్టింది. ఆ మూడింటి నకళ్ళూ ఆమె దగ్గరున్నాయి. మూడింటి మీదా 'పైకి పంపడమైనది' అన్న ముద్ర కింద నా సంతకం ఉంది. పంపాను. మళ్ళీ అడగలేదు. గదిలోకి ఎన్నోసార్లు వచ్చాను, ఆ రిజిస్టర్లలో నాకు కావలసింది ఆ మంచం మీది నుంచే తీసి చూశాను.

మూడో నంబరు ఫారాల పుస్తకం తెమ్మన్నాను. సుగుణ బిడ్డ ఫారం ఉంది. కింద 'పరిశీలించాను' అన్న చోట నా సంతకం ఉంది. ఆ వారం నేను ఆ ఊరే రాలేదు.

ఇది చెప్పాలి. నేను నెలకు రెండుసార్లే వచ్చేదాన్ని. నా సంతకం కోసం కాగితాలు ఆగకూడదని ఖాళీ ఫారాల మీద ముందే సంతకాలు పెట్టి ఇచ్చేదాన్ని. నాకు ముందున్న ఎల్‌హెచ్‌వి నేర్పిన పద్ధతి. ఆమెకు ఇంకెవరో నేర్పి ఉంటారు. దాన్ని మేము సౌకర్యం అనుకునేవాళ్ళం. పుస్తకం వెనక్కి తిప్పితే ఇటుకబట్టి వాడవి ఇంకా నాలుగు ఉన్నాయి. నాలుగింటి కిందా 'పరిశీలించాను' అని నా సంతకమే. వాటి ఖాళీల్లో ఏం రాశారో ఆ రోజు మొదటిసారి చదివాను.

మా ఆయన పోయాక నిద్ర పట్టక ఆయన పుస్తకాలు చదవడం అలవాటైంది. వాటిలో ఒకటి విక్టోరియా రాణి కాలపు లండన్ పేదపేటల గురించి. ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం, వీధికంతటికీ ఒక నీటి కుళాయి, ఏడాది నిండకుండా పోయే పిల్లలు. అక్కడ పసిబిడ్డను పూడ్చడానికి కాగితాలు, ఖర్చు కావాలి. ప్రాణం లేకుండా పుట్టిన బిడ్డకైతే అవేవీ అక్కర్లేదు. అందుకని కొన్ని గంటలు, కొన్ని రోజులు బతికిన పిల్లల్ని కూడా చచ్చి పుట్టినట్టే చెప్పి పూడ్చేవాళ్ళట. ఆ పేజీ చదివినప్పుడు ఎంత మోటు మనుషులో అనుకున్నాను. అక్కడ కాటికాపరి, చర్చి గుమాస్తా చేసిన పని ఇక్కడ నేను చేశాను. వాళ్ళు ఒక్కో బిడ్డకు ఒక్కోసారి అబద్ధం ఆడాల్సి వచ్చింది. నేను ముందే సంతకం పెట్టి ఆ శ్రమ కూడా లేకుండా చేశాను.

వైశాలి మాట, సుగుణ మాట చాలవు. ఒకరు కాంట్రాక్టు నర్సు, ఇంకొకరు ఇటుకబట్టి వాడ బాలింత. సాయెబ్ దగ్గర ఇద్దరి మాటా నిలవదు. ఆ రాత్రి ఉపకేంద్రంలోనే ఉండి, మర్నాడు పొద్దున్నే ఏడు ఇరవైకి అహేరి బస్సు ఎక్కాను. కండక్టర్ మడావి ఏళ్ళుగా ఆ రూటులోనే ఉన్నాడు. రెండు వారాల కిందటి సోమవారం ఒక ముసలామె బస్సు ఆపిందా అని అడిగాను.

"యాదికి లేకేంది సిస్టర్. బస్సుకు అడ్డంగ నిలవడ్డది. మా డ్రైవర్ తిడుదామని తల బయటికి వెట్టి, చేతులున్న పిల్లను సూసి గమ్మునయ్యిండు. నేను ముందు సీటు ఖాళీ చేపిచ్చిన. గంతట్ల మీ నర్సు ఉరికొచ్చి దిగుమన్నది. ఇద్దరు జర సేపు కొట్లాడుకున్నరు. దిగింది ముసలామె."

"పిల్ల ఏడ్చిందా?"

"సన్నగ మూలుగుతనే ఉండె. ఏం, బతకలేదా?"

బతకలేదన్నాను. అతను టికెట్లు కొట్టడం ఆపాడు. తర్వాత తనంతట తనే, "కాయితం ఉన్నది సిస్టర్," అన్నాడు. "ముందే లేటున్నం ఆ దినం, పొగమంచు. దాని మీద ఇంకో ఆరు నిమిషాలు ఆగినం. లేటైతే డిపోల కారణం అడుగుతరు. రాయకుంటె మెమో ఇస్తరు. లాగ్‌షీట్ల రాసిన."

"ఏం రాసినవ్?"

"ఏమున్నదో గదే రాసిన."

లాగ్‌షీట్ అంటే బస్సు ఎక్కడ ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి కదిలింది అని రాసే కాగితం. అహేరిలో దిగి డిపోకు వెళ్ళాను. అక్కడి గుమాస్తా కట్ట విప్పి తేదీ చూసి తీసిచ్చాడు. ఆ ఊరి స్టాపు పేరుకు ఎదురుగా, రాక ఏడు ముప్పై నాలుగు, పోక ఏడు నలభై. చివరి గడిలో బాల్‌పెన్నుతో మరాఠీలో చిన్న అక్షరాలు. 'బాళ ఆజారీ. థాంబా 6 మినిటె.' బిడ్డకు జబ్బు, ఆరు నిమిషాలు ఆగాం.

ఫోన్‌తో ఫోటో తీసుకుని అక్కడి బెంచీ మీద కూర్చున్నాను. ఆ బిడ్డ ఆరోగ్య శాఖ గదిలో పుట్టింది. ఆరోగ్య శాఖ తక్కెడ మీద తూగింది. మేము జీతాలు తీసుకుంటున్నది ఆమె కోసం. మా కాగితాల్లో ఎక్కడా ఆమె బతికిలేదు. ప్రభుత్వం వారి కాగితాల్లో ఆమె బతికున్నది ఒక్క బస్సు లాగ్‌షీట్‌లోనే. చచ్చినవాళ్ళకు జబ్బు చేయదు.

పందొమ్మిదో రోజు సాయెబ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన చెడ్డ మనిషి కాదు, పై నుంచి ఆయన్ని కూడా ఎవరో అలాగే అడుగుతారు. ఇదంతా తెలిసే చెబుతున్నాను, ఆయన్ని వెనకేసుకురావడానికి కాదు. నేను చెప్పింది విని మరాఠీలో అన్నారు.

"మేడమ్, ఆ కుటుంబం ఫిర్యాదు ఇచ్చిందా?"

"నమోదు అడిగింది."

"ఈ తెలుగు వాడల్లో ఇరవయ్యొకటో రోజు దాకా పేరు పెట్టరు. పేరు పెట్టని పిల్ల పోతే దినాలు చెయ్యరు, ఏడవరు. వాళ్ళే లెక్కలో వేసుకోరు. మనమెందుకు వేసుకోవాలి?"

నేనూ తెలుగు దాన్నే. మా ఆచారం ఆయన నాకే చెబుతున్నారు. ఫోన్ తీసి ఫోటో చూపించాను.

"ఇది ఎస్టీ కాగితం. మనది కాదు."

"అందుకే అందులో నిజం ఉంది సార్," అన్నాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "పదిహేడు వందల గ్రాములు. ఎట్లాగూ బతికేది కాదు."

"బతికేదో కాదో నాకు తెలియదు. మీకూ తెలియదు. వార్మర్ పనిచేసి ఉంటే ఏమయ్యేదని ఎవరైనా అడగాలి. మూడో ఫారం రాస్తే ఎవరూ అడగరు. నేను తప్పుగా సంతకం పెట్టానని రాసిస్తాను. ఒకటి, రెండు ఫారాలు పంచాయతీకి పంపుతాను."

"రెండేళ్ళలో రిటైర్ అయ్యేవాళ్ళు మీరు. ఆలోచించండి. మీ మీదికే వస్తుంది."

"నా మీదికి రావలసిందే సార్."

బిడ్డ పోయిన సమయం ఇంకా తెలియాలి. ఇరవయ్యో రోజు ఇటుకబట్టి వాడకు వెళ్ళాను. సుగుణ అత్త లచ్చక్క గడప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నేను వచ్చినా తల ఎత్తలేదు.

"మొన్న కోడలు గడప దాటింది, ఇయ్యాల బాయి గడప తొక్కింది," అంది. "రా, కూసో. మల్ల గా ముచ్చటేనా?"

"ఎన్నింటికి పోయిందో చెప్పు లచ్చక్కా. రాయాలె."

"రాస్తె లేసొస్తదా? నిలవని పిల్లను యాది చేసుకుంటె ఎనుకొచ్చే పిల్లకు మంచిది కాదంటరు. అందుకే పేరు వెట్టం, ఏడ్వం. ఆడోళ్ళమే పోయి శెల్క గట్టున పాతిపెట్టొస్తం. నా మొదటి పిల్లను గట్లనే పెట్టిండ్రు. మూడొద్దులున్నది. నాకు ఎంతమంది పిల్లలంటె నేను ముగ్గురనే చెప్త."

సుగుణ లోపల తలుపు పక్కన నిలబడి వింటోంది. అత్తకు ఇంకో బిడ్డ ఉండేదని ఆమె కూడా అప్పుడే విన్నదేమో, "నలుగురా?" అంది మెల్లగా.

లచ్చక్క ఇంకో చిక్కుడుకాయ తీసుకుంది. నన్నడిగింది. "మీ సాయెబ్ ఏమన్నడు?"

దాచలేదు. ఆయన ఆచారం గురించి అన్నది ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె చిక్కుడుకాయలు పక్కన పెట్టింది.

"మా ఆచారం మంచిగనే నేర్సిండు మీ సాయెబ్. మేము లెక్కవెట్టంది గుండె ఆగక. అన్నం తినాలె, మల్ల పొద్దుగాల కైకిలికి పోవాలె, అందుకు. ఆయినకేమైంది లెక్కవెట్టకపోను? ఆయిన కూడు తినకుంట పడుకున్నడా?"

నేను సంచీలోంచి ఫారం, పెన్ను తీశాను.

"ఆ దినం నల్లా వచ్చింది," అంది లచ్చక్క. "బిందెల కాడ లొల్లి మొదలైంది, ఆస్పత్రి దాక వినవడుతది గద. నీ కోడలికి నీళ్ళు పట్టాలె, పోవే అని మా తోడికోడలు కేకేసింది. నేను పిల్ల దిక్కు సూసిన. అప్పుడే పోయింది. పన్నెండు దాటి పది నిమిషాలనుకో."

ఇరవయ్యొకటో రోజు పదకొండుకు గ్రామపంచాయతీలో గ్రామసేవక్, అంటే పంచాయతీ కార్యదర్శి, ముందు ఒకటో ఫారం పెట్టాను. జననం, ఆరు గంటల యాభై నిమిషాలు. ఆడ. బరువు. బిడ్డ పేరు అన్న చోట గ్రామసేవక్ పెన్ను ఆపాడు. పేరు తర్వాతైనా చేర్చవచ్చు, ఖాళీగా ఉంచవచ్చు అన్నాడు. ఆ రోజు మామూలుగా అయితే పేరు పెట్టే రోజు. నేను సుగుణ వైపు చూశాను.

"పెట్టలేదు గద. పెట్టని పేరు ఎట్ల రాస్తం?" అంది. "ఖాళీగనే ఉండనీయి. టైము రాసిండ్రు గద, సాలు."

తర్వాత రెండో ఫారం. మరణం, పన్నెండు గంటల పది నిమిషాలు. వయసు అన్న గడిలో గ్రామసేవక్ లెక్కకట్టి, అయిదు గంటల ఇరవై నిమిషాలు అని రాశాడు. సుగుణ రెండింటి మీదా మరాఠీ అక్షరాల్లో సంతకం పెట్టింది. సాక్షి కావాలన్నాడు. పిలవకుండానే వచ్చి గుమ్మం బయట నిలబడి ఉన్న లచ్చక్క లోపలికి వచ్చి వేలు చాపింది.

"పిల్లకు ఏమవుతవ్?" అన్నాడు గ్రామసేవక్.

"నాయనమ్మను," అంది లచ్చక్క. వేలిముద్ర వేసి, సిరా కొంగుకు తుడుచుకోకుండా అలాగే ఇంటికి పోయింది.

తర్వాత విచారణ జరిగింది. మొదటి పేజీలోనే బిడ్డను వెచ్చగా ఉంచారా అన్న ప్రశ్న ఉంది. వైశాలి తన మూడు అర్జీలు చూపించింది. ఏడాదిగా దొరకని రాడ్ తొమ్మిది రోజుల్లో వచ్చింది. బిగించడానికి మనిషికి అరగంట పట్టింది. అరగంట. ఆ మాట ఇప్పటికీ నాకు మింగుడుపడదు. వైశాలి ఉద్యోగం నిలిచింది. నాకు మెమో వచ్చింది, ఖాళీ ఫారాల మీద ఎందుకు సంతకాలు పెట్టారని. నేను సాకులు రాయలేదు. మిగతా నాలుగు ఫారాలనూ తిరిగి విచారించమని అదే జవాబులో కోరాను. ఆధారాలు లేవని కొట్టేశారు. ఆ నాలుగు ఇళ్ళకూ నేనే వెళ్ళాను. మూడు ఇళ్ళలో పిల్ల ఏడ్చిందనే చెప్పారు. ఆ రోజుల్లో ఏ బస్సూ ఆలస్యం కాలేదు.

ఈ కేసు నాకేం నేర్పిందని కొత్తగా వచ్చిన ఏఎన్ఎంలు అడిగితే ఒక్కటే చెబుతాను. ఏ ఫారమైనా చేతిలోకి తీసుకునే ముందు తల్లి పక్కన కూర్చుని బిడ్డ ఏడ్చిందా అని అడగండి. ఆమె చెప్పే జవాబు కోసం కూర్చోండి. రాయకుండా ఉండడానికి పనికొచ్చే ఆచారం, మీటింగులో పనికొచ్చే సున్నా, రెండూ మనకు సుఖంగా ఉంటాయి. ఆ సుఖం ఎవరి బిడ్డ మీద కూర్చుందో చూసుకోండి.

నేను పోయిన ఏడాది రిటైర్ అయ్యాను. వీడ్కోలు రోజున ఆరు ఉపకేంద్రాలూ తిరిగి వచ్చాను. ఖాళీ ఫారాల మీద ఇప్పుడు ఎవరూ ముందే సంతకం పెట్టడం లేదు. వార్మర్ మీద రిజిస్టర్లు పెట్టడం లేదు.